ఎక్స్‌కిరణ వివర్తన విశ్లేషణ సాఫ్ట్‌వేర్: స్థాపన, సరిచూపు – తోటపల్లి గూడూరు తీర నేలల నేపథ్యంలో

ఉపోద్ఘాతం

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలోని తోటపల్లి గూడూరు మండలం పెన్నా డెల్టాలోని తీర మండలం. మైకా గనులకు పేరుపొందిన గూడూరు పట్టణం వేరు, ఈ మండలం వేరు. ఇక్కడ వరి పొలాలు, రొయ్యల చెరువులు పక్కపక్కనే కనిపిస్తాయి. తూర్పు అంచున కోడూరు వద్ద సముద్రం ఉంది. ఇటువంటి ప్రాంతంలో విస్తరణ శాస్త్రవేత్తకు తరచుగా ఎదురయ్యే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. చెరువు పూడ్చిన భూమిలో తిరిగి వరి వేయవచ్చునా? కారుచౌడుగా మారుతున్న నేలలో జిప్సం వేస్తే నీరు ఇంకుతుందా? వేసిన పొటాష్ పైరుకు అందుతుందా, నేలలోనే బిగుసుకుపోతుందా?

ఈ ప్రశ్నలకు భూసార పరీక్ష కొంతవరకు సమాధానం ఇస్తుంది. మిగిలిన సమాధానం ఆ నేలలోని బంకమట్టి ఖనిజాల స్వభావంలో ఉంటుంది. వాటిని గుర్తించడానికి ప్రధాన సాధనం ఎక్స్‌కిరణ వివర్తనం. అయితే యంత్రం ఇచ్చేది కోణాలు, వాటి వద్ద నమోదైన తీవ్రతలు మాత్రమే. ఆ అంకెలను ఖనిజాల పేర్లుగా, శాతాలుగా మార్చేది సాఫ్ట్‌వేర్. కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటరులో నెలకొల్పే పనిని కేవలం సాంకేతిక సహాయకుని పనిగా భావించడం తగదు. తెర మీద కిటికీ తెరుచుకున్నంత మాత్రాన స్థాపన పూర్తికాదు. తెలిసిన నమూనాకు తెలిసిన సమాధానం వచ్చినప్పుడే అది పూర్తయినట్లు. ఈ వ్యాసం స్థాపన క్రమాన్ని, సరిచూపు పద్ధతిని, అది లోపిస్తే సిఫారసు ఎలా దారితప్పుతుందో వివరిస్తుంది.

వివర్తన పటం: మూల సూత్రం

స్ఫటికాలు ఎక్స్‌కిరణాలను వివర్తనం చెందిస్తాయని 1912లో మాక్స్ ఫన్ లావే బృందం నిరూపించింది. ఆ మరుసటి సంవత్సరం బ్రాగ్ తండ్రీకొడుకులు దానిని సరళమైన సూత్రంగా రూపొందించారు. స్ఫటిక పొరల మధ్య దూరాన్ని 'డి' అనుకుంటే, తరంగదైర్ఘ్యం = 2 × డి × సైన్ థీటా. నేలలోని సూక్ష్మ బంకమట్టి ఆకారం లేని జిగురు పదార్థం కాదని, అందులో స్ఫటిక ఖనిజాలు ఉన్నాయని 1930 ప్రాంతంలో హెండ్రిక్స్, ఫ్రై ఈ పద్ధతి ద్వారానే చూపారు.

ఈ సూత్రంలో యంత్రం కొలిచేది థీటాను మాత్రమే. తరంగదైర్ఘ్యాన్ని శాస్త్రవేత్త చెప్పాలి, లేదా ఫైలులో నమోదై ఉండాలి. ఆ రెండింటి నుంచి డి విలువను సాఫ్ట్‌వేర్ లెక్కిస్తుంది. రాగి గొట్టం ఉన్న యంత్రంలో, అంటే సగటు తరంగదైర్ఘ్యం 1.5418 ఆంగ్‌స్ట్రామ్ అయినప్పుడు, ముఖ్య ఖనిజాల మొదటి శిఖరాలు సుమారుగా ఈ కింది విధంగా ఉంటాయి.

• ఇథిలీన్ గ్లైకాల్ పట్టించిన స్మెక్టైట్: 17 ఆంగ్‌స్ట్రామ్, 2థీటా 5.2 డిగ్రీలు
• వెర్మిక్యులైట్, క్లోరైట్: 14.2 ఆంగ్‌స్ట్రామ్, 6.2 డిగ్రీలు
• ఇల్లైట్, మైకా: 10 ఆంగ్‌స్ట్రామ్, 8.8 డిగ్రీలు
• కయోలినైట్: 7.15 ఆంగ్‌స్ట్రామ్, 12.4 డిగ్రీలు
• క్వార్ట్జ్ ప్రధాన శిఖరం: 3.34 ఆంగ్‌స్ట్రామ్, 26.6 డిగ్రీలు

ఒకే పటంతో బంకమట్టి ఖనిజాన్ని నిర్ధారించలేము. మెగ్నీషియంతో నింపిన నమూనా, గ్లైకాల్ పట్టించిన నమూనా, పొటాషియంతో నింపిన నమూనా, దానినే 550 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసిన నమూనా – ఈ నాలుగు పటాలను పక్కపక్కన చూడాలి. స్మెక్టైట్ గ్లైకాల్‌తో ఉబ్బి 17కు చేరుతుంది. పొటాషియంతో నింపి వేడిచేస్తే 10కి ముడుచుకుంటుంది. కయోలినైట్ శిఖరం 550 డిగ్రీల వద్ద మాయమవుతుంది. క్లోరైట్ శిఖరం 14 వద్దనే నిలుస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఎంపిక

యంత్రంతో పాటు తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఆ యంత్రం ఉన్న ప్రయోగశాలకే పరిమితం. విద్యార్థి తన కంప్యూటరులో తిరిగి పరిశీలించడానికి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగానికి పునాది హ్యూగో రీట్‌వెల్డ్ 1969లో ప్రచురించిన పద్ధతి. నెదర్లాండ్స్‌కు చెందిన ఆ శాస్త్రవేత్త దీనిని మొదట న్యూట్రాన్ వివర్తనం కోసం రూపొందించారు. ఒక్కొక్క శిఖరాన్ని విడిగా కొలవకుండా, ఖనిజాల స్ఫటిక నిర్మాణాల నుంచి మొత్తం పటాన్ని లెక్కగట్టి, కొలిచిన పటంతో సరిపోయేవరకు సవరిస్తూ పోవడం దీని సారాంశం.

అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో టోబీ, వాన్ డ్రీలే అభివృద్ధి చేసిన జీసాస్-2, రోడ్రిగెజ్ కర్వహాల్ రూపొందించిన ఫుల్‌ప్రాఫ్, లుట్టెరొట్టి రూపొందించిన మౌడ్ ఈ కోవకు చెందినవే. నేల ఖనిజాల శాతాలను లెక్కగట్టడానికి ప్రొఫెక్స్ అనుకూలమైనది. నికోలా డోబెలిన్ దీనిని రూపొందించారు. లోపల లెక్కలు చేసేది యోర్గ్ బెర్గ్‌మన్ రాసిన బీజీఎమ్ఎన్ అనే ప్రోగ్రాము. ప్రొఫెక్స్ దానికి ముఖద్వారం వంటిది. స్మెక్టైట్ వంటి, పొరలు క్రమం తప్పి పేర్చుకున్న ఖనిజాలకు తగిన నిర్మాణ నమూనాలను బీజీఎమ్ఎన్‌లో వాడవచ్చు. ప్రొఫెక్స్ స్వేచ్ఛా లైసెన్సుతో విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటికీ లభిస్తుంది. కింది వివరణ దీనిని దృష్టిలో ఉంచుకొని సాగినా, సూత్రాలు అన్నింటికీ వర్తిస్తాయి.

స్థాపనకు ముందు సేకరించవలసిన సమాచారం

సాఫ్ట్‌వేర్‌ను దించుకునే ముందే యంత్రం గురించిన నాలుగు విషయాలు రాసిపెట్టుకోవాలి.

1. గొట్టంలోని లోహం రాగియా, కోబాల్టా? ఇనుము అధికంగా ఉన్న నేలలు రాగి కిరణాలకు ప్రతిదీప్తి చెంది పటం నేపథ్యాన్ని పెంచుతాయి. అందువలన కొన్ని ప్రయోగశాలలు కోబాల్ట్ గొట్టాన్ని వాడతాయి.
2. యంత్రపు వ్యాసార్థం, చీలికల వెడల్పు, వడపోత లేదా మోనోక్రోమేటర్ వివరాలు.
3. శోధకం ఏ రకానికి చెందినది, కొలత ఏ కోణం నుంచి ఏ కోణం వరకు, ఎంత అంతరంతో జరిగింది?
4. ఫైలు ఏ రూపంలో వస్తుంది? తయారీదారు సొంత రూపంలోని ఫైలులో సాధారణంగా తరంగదైర్ఘ్యం కూడా నమోదై ఉంటుంది. కోణం, తీవ్రత అనే రెండు నిలువు వరుసల సాదా పాఠ్య ఫైలులో అది ఉండదు.

నాలుగవ అంశాన్ని చాలామంది పట్టించుకోరు. పాఠ్య ఫైలు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది కాబట్టి విద్యార్థులు దానినే అడిగి తెచ్చుకుంటారు. అసలు ఫైలును, పాఠ్య ఫైలును రెండింటినీ తెచ్చుకోవడం క్షేమం.

స్థాపన క్రమం

1. సాఫ్ట్‌వేర్‌ను రూపకర్తల అధికారిక పుటనుంచే దించుకోవాలి. ప్రొఫెక్స్, బీజీఎమ్ఎన్ రెండూ కలిసిన మూట లభిస్తుంది. కొత్తవారు విడివిడి భాగాలను కాక ఆ మూటనే తీసుకోవాలి. లెక్కల ప్రోగ్రాము, నిర్మాణ ఫైళ్లు, యంత్ర ఫైళ్లు ఎక్కడ ఉన్నదీ అందులో ముందే అమర్చి ఉంటుంది.

2. మూటను పూర్తిగా విప్పిన తరువాతనే ప్రోగ్రామును నడపాలి. కుదించిన ఫైలు లోపలి నుంచే నేరుగా తెరిస్తే కిటికీ కనిపించవచ్చు గాని, అనుబంధ ఫైళ్లు అందక లెక్క ఆగిపోతుంది.

3. ఫోల్డరు పేరు పొట్టిగా, ఖాళీలు లేకుండా, రోమన్ అక్షరాలు, అంకెలతో మాత్రమే ఉండాలి. శాస్త్రీయ ప్రోగ్రాములలో చాలావాటి లోపలి భాగాలు పాత పద్ధతిలో రాసినవి. తెలుగు లిపిలో పేరు పెట్టిన ఫోల్డరును, ఖాళీలున్న పేరును అవి చదవలేక, కారణం స్పష్టంగా చెప్పకుండా ఆగిపోవచ్చు. కొలత ఫైళ్ల పేర్లకూ ఇదే నియమం పాటించడం మేలు.

4. కళాశాల కంప్యూటర్లలో సాధారణ వినియోగదారునికి కొన్ని ఫోల్డర్లలో రాసే అనుమతి ఉండదు. లెక్క ఫలితాలను ప్రోగ్రాము ఫైలుగా రాస్తుంది కనుక, అనుమతి ఉన్న చోటనే పని ఫోల్డరును ఏర్పరచుకోవాలి.

5. జీసాస్-2 వంటివి పైథాన్ భాషపై ఆధారపడతాయి. వాటికి కావలసిన పైథాన్ గ్రంథాలయాలు వాటి ఇన్‌స్టాలరుతోనే వస్తాయి. అప్పటికే కంప్యూటరులో ఉన్న పైథాన్‌తో వీటిని కలపకూడదు. నెట్ సౌకర్యం బలహీనంగా ఉన్న చోట పూర్తి ఇన్‌స్టాలరును మరొక చోట దించుకొని పెన్‌డ్రైవ్ ద్వారా తెచ్చుకోవచ్చు.

6. ఖనిజాల నిర్మాణ ఫైళ్లను ఎంచుకోవాలి. మూటతో వచ్చేవి చాలకపోతే, 2003లో మొదలైన స్ఫటిక నిర్మాణాల బహిరంగ నిధి నుంచి ఉచితంగా తీసుకోవచ్చు. ఒకే ఖనిజానికి పలు నిర్మాణాలు కనిపిస్తాయి. దేనిని వాడినదీ దాని సంఖ్యతో సహా నమోదు చేయాలి.

7. యంత్ర ఫైలును ఎంచుకోవాలి. పేరు దగ్గరగా ఉన్నదని వేరొక యంత్రపు ఫైలును వాడరాదు. శిఖరాల వెడల్పును సాఫ్ట్‌వేర్ ఈ ఫైలు ఆధారంగానే అర్థం చేసుకుంటుంది.

8. సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ సంఖ్య, స్థాపించిన తేదీ, ఎంచుకున్న గొట్టపు లోహం – ఈ నాలుగింటిని ప్రయోగశాల పుస్తకంలో రాయాలి. సిద్ధాంత గ్రంథంలోనూ ఇవి కనిపించాలి.

సరిచూపు: తెలిసిన నమూనాతో పరీక్ష

ధాన్యం తూచే ముందు కాటాకు పాసంగం చూసినట్లే, నేల నమూనాను విశ్లేషించే ముందు సాఫ్ట్‌వేర్‌ను తెలిసిన పదార్థంతో పరీక్షించాలి. ఇందుకోసం అమెరికా ప్రమాణాల సంస్థ సిలికాన్ పొడిని 640వ సంఖ్యతో, లాంథనం హెక్సాబోరైడ్‌ను 660వ సంఖ్యతో విడుదల చేస్తుంది. రాగి కిరణాలతో సిలికాన్ మొదటి శిఖరం 28.44 డిగ్రీల వద్ద రావాలి. ప్రామాణిక పదార్థం అందుబాటులో లేనప్పుడు శుభ్రమైన క్వార్ట్జ్ పొడి ఉపకరిస్తుంది. దాదాపు ప్రతి నేల నమూనాలోనూ క్వార్ట్జ్ ఉంటుంది కాబట్టి, అది నమూనాలోనే ఉన్న సాక్షి. తెర మీద 3.34 ఆంగ్‌స్ట్రామ్ వద్ద పదునైన శిఖరం కనిపించకపోతే మిగిలిన శిఖరాల పేర్లు రాయడం ఆపివేయాలి.

తరంగదైర్ఘ్యం తప్పితే జరిగేది

కోబాల్ట్ గొట్టంతో తీసిన పటాన్ని పాఠ్య ఫైలుగా తెచ్చి, రాగి అన్న అమరికతోనే తెరిచారనుకుందాం. కోబాల్ట్ సగటు తరంగదైర్ఘ్యం 1.7903 ఆంగ్‌స్ట్రామ్. అప్పుడు ప్రతి డి విలువా 1.5418ని 1.7903తో భాగించగా వచ్చే 0.861 వంతుకు తగ్గి కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా చేయదు.

గ్లైకాల్‌తో ఉబ్బిన స్మెక్టైట్ శిఖరం అసలు విలువ 17. తెర మీద అది 14.6గా కనిపిస్తుంది. చూసినవారు ఈ బంకమట్టి ఉబ్బలేదు, ఇది వెర్మిక్యులైట్ అయి ఉండాలి అని నిర్ణయించే అవకాశం ఉంది. 7.15 వద్ద ఉండవలసిన కయోలినైట్ 6.16 వద్ద కనిపించి, లేని ఇనుప, అల్యూమినియం ఆక్సైడ్ ఖనిజాలను తలపిస్తుంది. 10 వద్ద ఉండవలసిన ఇల్లైట్ 8.6 వద్దకు చేరి ఏ బంకమట్టి ఖనిజానికీ సరిపోదు.

దీని పర్యవసానం పొలం దాకా వెళ్తుంది. వెర్మిక్యులైట్ పొటాషియంను పొరల మధ్య గట్టిగా బంధించే ఖనిజం. అది ఉన్నదన్న నివేదిక ఆధారంగా పొటాష్ మోతాదును పెంచమని లేదా దఫాలుగా వేయమని సలహా ఇస్తారు. నిజానికి అక్కడ ఉన్నది స్మెక్టైట్ అయితే, ఆ నేలలో అసలు జాగ్రత్త వహించవలసినది సోడియం విషయంలో. మార్పిడి సోడియం పెరిగినప్పుడు ఉబ్బే స్వభావం గల బంకమట్టి చెదిరి, రంధ్రాలు మూసుకుపోయి, నీరు ఇంకదు. రైతు పొటాష్‌కు అదనంగా ఖర్చు పెడతాడు. జిప్సం, మురుగునీటి కాలువల అవసరం మాత్రం మరుగున పడుతుంది.

ఈ పొరపాటును పట్టుకోవడానికి ఒక్క నిమిషం చాలు. అదే పటంలో క్వార్ట్జ్ ప్రధాన శిఖరం 3.34కు బదులు 2.88 వద్ద కనిపిస్తుంది. అయితే ఉప్పు నేలలలో ఇక్కడ కూడా ఒక చిక్కు ఉంది. కోబాల్ట్ కిరణాలతో క్వార్ట్జ్ ప్రధాన శిఖరం 31.1 డిగ్రీల ప్రాంతంలో వస్తుంది. రాగి కిరణాలతో హేలైట్, అంటే సాధారణ ఉప్పు శిఖరం 31.7 డిగ్రీల వద్ద ఉంటుంది. తీరపు నేలలో ఉప్పు ఉండడం సహజమే కదా అన్న ముందస్తు అభిప్రాయంతో చూస్తే, క్వార్ట్జ్‌నే ఉప్పుగా చదివే ప్రమాదం ఉంది. కనుక ఒక్క శిఖరంతో కాక, 4.26, 3.34 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద రెండు క్వార్ట్జ్ శిఖరాలూ కనిపిస్తున్నాయో లేదో చూడాలి.

శూన్య దోషం

తరంగదైర్ఘ్యం సరిగా ఉన్నా, నమూనా ఉపరితలం కొద్దిగా ఎత్తుగానో పల్లంగానో ఉంటే శిఖరాలు జరుగుతాయి. 2థీటాలో 0.1 డిగ్రీ జరిగితే, క్వార్ట్జ్ ప్రధాన శిఖరం వద్ద డి విలువలో తేడా సుమారు 0.012 ఆంగ్‌స్ట్రామ్ మాత్రమే. అదే 0.1 డిగ్రీ 6 డిగ్రీల వద్ద సుమారు 0.24 ఆంగ్‌స్ట్రామ్ తేడా తెస్తుంది. అంటే బంకమట్టి శిఖరాలు ఉండే చిన్న కోణాల వద్ద దోషం 20 రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. ముందుగా క్వార్ట్జ్ ఆధారంగా పటాన్ని సరిదిద్ది, ఆ తరువాతనే 14, 15 ఆంగ్‌స్ట్రామ్‌ల మధ్య తేడా గురించి మాట్లాడాలి.

శాతాల విషయంలో జాగ్రత్త

రీట్‌వెల్డ్ పద్ధతి తనకు ఇచ్చిన ఖనిజాల మొత్తాన్ని 100 శాతంగా లెక్కిస్తుంది. జాబితాలో చేర్చని ఖనిజం, స్ఫటిక రూపం లేని పదార్థం లెక్కలోకి రావు. ఒక నమూనాలో స్ఫటిక రూపం లేని పదార్థం 20 శాతం, క్వార్ట్జ్ 40 శాతం ఉంటే, సాఫ్ట్‌వేర్ క్వార్ట్జ్‌ను 50 శాతంగా చూపుతుంది. దీనిని సరిదిద్దడానికి తెలిసిన బరువులో కొరండం పొడిని కలుపుతారు. మిశ్రమంలో 20 శాతం కొరండం కలిపినప్పుడు సాఫ్ట్‌వేర్ 25 శాతం చూపితే, మిశ్రమంలో ఐదవ వంతు కనిపించని పదార్థమని అర్థం. కొరండాన్ని తీసివేసి చూస్తే అసలు నమూనాలో అది 25 శాతం అవుతుంది.

గాజు పలక మీద పొరలుగా పరచిన బంకమట్టి పటం ఖనిజాన్ని గుర్తించడానికి ఉద్దేశించినది. పలకల వంటి రేణువులన్నీ ఒకే దిశలో పడుకొని ఉండటం వలన దాని ఆధారంగా శాతాలు లెక్కించరాదు. శాతాల కోసం, దిశ ఏర్పడకుండా నింపిన పొడి నమూనా పటాన్ని వేరుగా తీయాలి. గణాంక సూచిక ఎంత తక్కువగా ఉన్నా, లెక్కించిన పటానికీ కొలిచిన పటానికీ మధ్య తేడా రేఖను కంటితో చూడకుండా ఫలితాన్ని అంగీకరించకూడదు.

తీర నేలలకు ప్రత్యేక సూచనలు

పెన్నా నది కర్ణాటకలోని నంది కొండల ప్రాంతంలో పుట్టి, అనంతపురం, కడప ప్రాంతాల మీదుగా నెల్లూరు తీరానికి చేరుతుంది. దారిలో నల్లరేగడి నేలలు, కడప ప్రాంతపు సున్నపురాయి, క్వార్ట్‌జైట్, పలకరాళ్లు ఉన్నాయి. నెల్లూరు ప్రాంతంలో మైకా ఖనిజాలూ ఉన్నాయి. కాబట్టి తోటపల్లి గూడూరు ఒండ్రు నేలలను విశ్లేషించేటప్పుడు క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, కాల్సైట్, మైకా, ఇల్లైట్, కయోలినైట్, స్మెక్టైట్ అన్నింటినీ ప్రాథమిక జాబితాలో ఉంచి పరీక్షించాలి. ఏది ఎంత ఉన్నదో పటమే చెప్పాలి గాని, నది దారిని బట్టి ముందే ఊహించి రాయరాదు.

బంకమట్టిని వేరుచేసే ముందు లవణాలను కడిగి, కార్బొనేట్లను, సేంద్రియ పదార్థాన్ని తొలగిస్తారు. కడిగిన నమూనాలో ఉప్పు, జిప్సం కనిపించవు. వాటిని చూడాలంటే కడగని నమూనా పటం కావాలి. అయినా నేలలోని లవణ పరిమాణాన్ని తెలుసుకోవడానికి వివర్తనం సాధనం కాదు. సంతృప్త ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు 8 డెసిసీమెన్లు ఉండి, సంతృప్త శాతం 50 అయిన నేలలో లవణాలు బరువులో సుమారు 0.26 శాతమే. ఇది వరికి హాని చేసే స్థాయి. వివర్తన పటంలో మాత్రం సాధారణంగా కనిపించని స్థాయి. పటంలో హేలైట్ లేదు కనుక నేలలో ఉప్పు లేదని నివేదించడం పెద్ద తప్పు. లవణాన్ని వాహకతతో, జిప్సం మోతాదును మార్పిడి సోడియం, ధనాయాన మార్పిడి సామర్థ్యం ఆధారంగా నిర్ణయించాలి. ఆ అంకెల వెనుక ఉన్న నేల ప్రవర్తనను ఖనిజ విశ్లేషణ వివరిస్తుంది.

విస్తరణ శాస్త్రవేత్త అడగవలసిన ప్రశ్నలు

నివేదికను అందుకునే శాస్త్రవేత్త సాఫ్ట్‌వేర్‌ను స్వయంగా నడపనవసరం లేదు. అయితే సలహాగా మార్చే ముందు ఐదు ప్రశ్నలు అడగాలి.

1. గొట్టం ఏ లోహానిది? విశ్లేషణలో అదే తరంగదైర్ఘ్యం వాడారా?
2. క్వార్ట్జ్ శిఖరం 3.34 వద్ద వచ్చిందా?
3. గ్లైకాల్, వేడి పరీక్షల పటాలు జతచేశారా?
4. శాతాలు పొడి నమూనావా, పలక మీద పరచిన నమూనావా?
5. సాఫ్ట్‌వేర్ వెర్షన్, నిర్మాణ ఫైళ్ల వివరాలు రాశారా?

వీటిలో దేనికైనా సమాధానం లేకపోతే నివేదికను తిరస్కరించనవసరం లేదు. అసలు ఫైలును తెప్పించి తిరిగి విశ్లేషింపజేస్తే సరిపోతుంది. అసలు ఫైళ్లను భద్రపరచమనడం ఇందుకే.

ముగింపు

ఉచిత సాఫ్ట్‌వేర్ రాకతో, యంత్రం లేని కళాశాల విద్యార్థి కూడా తన జిల్లా నేలల పటాలను స్వయంగా చదవగలుగుతున్నాడు. ఇది మంచి పరిణామం. ఆ వెసులుబాటుతో పాటు, యంత్రం ఉన్న ప్రయోగశాలలో నిపుణుడు చేసే సరిచూపు బాధ్యత కూడా విద్యార్థికే బదిలీ అయింది. తీరపు రైతుకు తరంగదైర్ఘ్యంతో పనిలేదు. అతనికి అందేది చివరి వాక్యమే – ఈ ఎరువు వేయండి, ఈ చౌడుకు ఈ చికిత్స చేయండి అని. ఆ వాక్యం సరిగా ఉండాలంటే ప్రతి స్థాపన తరువాత, ప్రతి కొత్త వెర్షన్ తరువాత, మొదటి నేల నమూనాను తెరిచే ముందు ఒక క్వార్ట్జ్ పటాన్ని తెరిచి చూడడం నియమంగా పాటించాలి.